రాజవ్వ ఏరిన చింతగింజలు

ఈ మధ్య ఒక మధ్యాహ్నం సారయ్యన్న మా ఇంటికి వచ్చాడు. ముందుగా ఫోన్ చేయలేదు. భూపాలపల్లిలో బస్సెక్కి, హన్మకొండలో మారి, మహబూబాబాద్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. తెలుగు టీచరమ్మ హలీమా ఇల్లెక్కడ అంటే అడిగినవాళ్ళందరూ చూపించారట. ఆ మాట చెబుతూ నాకంటే ఆయనే ఎక్కువ మురిసిపోయాడు. బతుకంతా బొగ్గు బాయిల్లో పనిచేసి, రిటైరై, భూపాలపల్లిలోనే ఇల్లు కట్టుకున్నాడు. టేకుమట్లలో అల్లుడి చేనులో పండిన మిరపకాయలు ఒక సంచిలో పోసుకొచ్చి, వంటింటి గడప దగ్గర పెట్టి, చక్కెర లేని చాయ్ అడిగాడు. చెవులు సరిగ్గా వినిపించవు. అందుకని నేను గట్టిగా మాట్లాడుతుంటే, పక్కింటి వాళ్ళు మేమేదో కొట్లాడుకుంటున్నామని తొంగి చూశారు.

చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగాడు. "చెల్లె, ఒక్క మాట అడుగుత, మనసుల పెట్టుకోకు. గా దినం మీ నాయినమ్మ నాకు మలీద ముద్ద ఎట్ల పెట్టింది? గౌసు రాకపాయె, నేనొచ్చిన. నన్ను జూస్తె ఆమె పానం ఎట్లయ్యిందో అని గిప్పటికీ అనుకుంట." "ఆమె మనసే అసొంటిదన్నా" అన్నాను. ఆయన తల ఊపాడు, కానీ ఆ జవాబు ఆయనకు చాలలేదని తెలుస్తూనే ఉంది. పిల్లలకు చెప్పినట్టు ఏదో చెప్పి పంపించానే అని ఆయన వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆయనకు చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. అది చాయ్ తాగుతూ, గట్టిగా అరుస్తూ చెప్పేది కాదు కనుక ఇలా రాస్తున్నాను. ఆయన మనవరాలు చదివి వినిపిస్తుంది.

జనగామలో మా ఇల్లు ధాన్యం గంజు వెనక సందులో ఉండేది. నాన్నను అబ్బా అనేవాళ్ళం. ఆయన ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, తోలు తిత్తితో బొగ్గులు రగిలించి, గిన్నెను బాగా కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాసి దూదితో ఒక్కసారి తిప్పి తుడిచేసరికి గిన్నె లోపలంతా తెల్లగా మెరిసేది. వారంలో సగం రోజులు సైకిల్ మీద తిత్తి కట్టుకుని నర్మెట్ట, చిల్పూర్ వైపు ఊళ్ళు తిరిగేవాడు. నవసాగరం పొగ ముక్కులో సూదిలా గుచ్చేది. మా బట్టలు, మా పుస్తకాలు, చివరికి మేం తినే రొట్టె కూడా ఆ వాసనే కొట్టేవి. బడిలో నా పక్క పిల్లలు ముక్కు మూసుకుని జరిగి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఇంటింటా స్టీలు గిన్నెలే. ఆ పొగ ఎంత ఘాటుగా ఉండేదో చెబుదామంటే మా మనవళ్ళకు దేనితో పోల్చాలో తెలియదు.

అమ్మీ నాకు ఊహ తెలియకముందే పోయింది. మమ్మల్ని పెంచింది అబ్బా తల్లి, మా దాదీ. నన్నూ, నాకంటే ఆరేడేళ్ళు పెద్దవాడైన మా భాయి గౌస్‌నూ. ఇంట్లో అబ్బా, మేమూ దక్కనీ ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళం. దాదీ నర్మెట్టలో పుట్టి పెరిగిన మనిషి కనుక ఆమెకు కోపమొచ్చినా, ప్రేమొచ్చినా తెలుగే వచ్చేది. నమాజు అరబ్బీలో చదివేది. అది పూర్తయ్యాక చేతులు చాచి, అసలు సంగతులన్నీ తెలుగులో విప్పేది. బొగ్గు ధర పెరిగింది, నా మోకాలు మడత పడుతలేదు, ఈ పోరి తల దువ్వుకోనిస్తలేదు, జర చూడు అని ఆమె అడుగుతుంటే వాకిట్లో నిలబడ్డ మనిషితో మాట్లాడుతున్నట్టే ఉండేది. దేవుడికి తెలుగు వస్తుందా అని ఒకసారి అడిగాను. "నర్మెట్టల నన్ను పుట్టిచ్చినోనికి నర్మెట్ట మాట రాదా?" అంది.

దిగులు పడటానికి కూడా దాదీకి ఒక పద్ధతి ఉండేది. మనసు బాగాలేని రోజు ఆమె ఇల్లు ఇంకాస్త శుభ్రంగా ఊడ్చేది, తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. పనంతా అయ్యాక, ఇక చేతులకు చేయడానికేమీ మిగలనప్పుడు, నమాజుకు జానమాజ్ చాప పరుచుకునేది. "నాతోని అయ్యేది నేను జేసిన. ఇగ ఆయన రహీమ్, ఆయన జూసుకుంటడు" అనేది. రహీమ్ అంటే దయ గలవాడని అర్థం చెప్పేది. ఆ మాట ఎంత మామూలుగా అనేదంటే, దయ అనేది రోజూ పొద్దున్నే మా ఇంటికి పాలవాడిలా వచ్చి పోయే సంగతేమో అని నేను అనుకునేదాన్ని.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవ లేచి బళ్ళు మూతపడ్డాయి. భాయి, సారయ్యన్న ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఇద్దరూ బడి చివరి తరగతిలో ఉన్నారు. సారయ్యన్న వాళ్ళది మా గోడ పక్క ఇల్లే. తండ్రి లేడు. తల్లి రాజవ్వ గంజులో ధాన్యం చెరిగి, రాళ్ళేరి కొడుకును చదివిస్తోంది. తన కొడుకు ఒక ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవాలని ఆమె కోరిక. ఆ కుర్చీల్లో ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కూర్చుంటున్నారని ఆ పిల్లల కోపం. భాయికి ఇంకో కోపం కూడా ఉండేది. కోస్తా నుంచి వచ్చిన ఒక సారు, భాయి లేచి "గిది నాకు సమజ్ గాలె సార్" అంటే, అర్థం కాలేదనే ఆ మాటను సాగదీసి పలికి తరగతినంతా నవ్వించేవాడు. నవ్విన వాళ్ళంతా మా ఊరి పిల్లలే కదా అని భాయి ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత ఎప్పుడో నేను తెలుగు టీచర్నయ్యాక, నా తరగతిలో ఒక పిల్లవాడి మాట విని ఇంకో పిల్లవాడు నవ్వితే ఊరుకునేదాన్ని కాదు.

ఒక పొద్దున వాళ్ళిద్దరూ వరంగల్ వైపు రైలెక్కారు. అక్కడేదో పెద్ద ఊరేగింపు ఉందన్నారు. భాయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, గళ్ళ చొక్కా వేసుకుని, సాయంత్రం బండికి వస్తానని చెప్పి పోయాడు. సాయంత్రం బండి వచ్చింది, వాళ్ళు రాలేదు. మర్నాడు బండ్లే తిరగలేదు. కాల్పులయ్యాయని ఒకరు, పిల్లల్ని లారీల్లో ఎక్కించి ఎక్కడికో తీసుకుపోయారని ఒకరు చెప్పారు. హోటల్ దగ్గర రేడియో మాత్రం అంతా ప్రశాంతంగా ఉందని చెప్పింది. అబ్బా తిత్తి మూలన పడేసి సైకిల్ మీద వెతకడానికి బయలుదేరాడు. దాదీ మా ఇల్లు ఊడ్చి, వాకిలి ఊడ్చి, సందు సగం దాకా ఊడ్చింది. గోడకు అటు పక్క రాజవ్వ పనికి పోకుండా చాట ముందేసుకుని ఊరికే కూర్చుని ఉంది.

మాలో ఒక ఆచారం ఉంది. ఇంటికి పెద్ద ఆపద వచ్చినప్పుడు ఆడవాళ్ళను పిలిచి కరీమా చదివిస్తారు. చేప కడుపులో చిక్కుకున్న యూనుస్ ప్రవక్త ఆ చీకట్లోంచి దేవుణ్ణి పిలిచిన చిన్న ప్రార్థన అది. దాన్ని వేలకు వేలసార్లు చదవాలి. లెక్క కోసం కడిగి ఆరబెట్టిన చింతగింజలు తెల్లటి దుప్పటి మీద కుప్పగా పోస్తారు. అందరూ కొంగులు తల మీదికి కప్పుకుని చుట్టూ కూర్చుని, తలా కొన్ని గింజలు ముందేసుకుని, ఒకసారి చదివి ఒక గింజ పక్కన పెడతారు. మాటలుండవు. పెదవులు కదులుతుంటాయి, గింజ మీద గింజ పడుతుంటుంది. దాదీ సందులోని మా వాళ్ళందరినీ పిలిచింది. పిల్లలకు ఖురాన్ నేర్పే ఉస్తానీ ముందు కూర్చుంది. అప్పుడు రాజవ్వ వచ్చింది.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఇంతమంది ఆడవాళ్ళు, మధ్యలో గింజల కుప్ప, ఎవరూ మాట్లాడటం లేదు. సందులో ఉన్న దిగులంతా తనకూ ఉంది కనుక, ఏదో పని పెట్టుకుని కూర్చున్నారనుకుంది. మెల్లగా వచ్చి మా మధ్యలో సందు చేసుకుని కూర్చుని, రెండు దోసిళ్ళ గింజలు ముందుకు లాక్కుని, గంజులో చేసినట్టే ఏరడం మొదలుపెట్టింది. పుచ్చువి ఒక పక్క, పగిలినవి ఒక పక్క. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడిందంటే మేం చూసేసరికే పుచ్చువి చిన్న కుప్పయ్యాయి. మేం చదివినవి, చదవనివి కూడా అందులో కలిసిపోయాయి. ఉస్తానీ నోట్లో ప్రార్థన ఆగిపోయింది. భాయి రైలెక్కిన దగ్గర్నుంచి నవ్వని దాదీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేటట్టు నవ్వింది. అది చూసి రాజవ్వ బిత్తరపోయింది.

"ఏరేది కాదే రాజవ్వా" అంది దాదీ. "ఒక్కొక్క గింజకు ఒక్కసారి దేవున్ని తలుసుకోవాలె. మన పిలగాండ్లు మంచిగ రావాల్నని."

రాజవ్వ చేతులు వెనక్కి తీసుకుంది. "నాకు మీ మాట రాదు గదత్తా."

"నీ దేవుని పేరు నీకు రాదా? గదే అను."

రాజవ్వకు చిల్పూర్ గుట్ట మీది బుగులు వెంకటేశ్వరస్వామి అంటే నమ్మకం. బుగులు అంటే భయం, దిగులు. ఆ దిగులు తీసేవాడని ఆ పేరు అని ఆమె చెప్పేది. ఆమె చేతిలోకి ఒక గింజ తీసుకుంది. ఉస్తానీకి మాత్రం ఇది నచ్చలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. "ఇట్ల కలిపితే లెక్క చెడ్తది బూబమ్మా, మళ్ళ మొదటినుంచి చదవాలె" అంది దాదీతో. దాదీ కూడా ఆచారం విడిచే మనిషి కాదు. అయినా రాజవ్వ పక్కకు పెట్టిన పుచ్చు గింజల్ని కూడా చేత్తో ఊడ్చి పెద్ద కుప్పలో కలిపేసింది. "చెడనియ్యి. లెక్క ఆయన సరిజేసుకుంటడు. ఇద్దరు పిలగాండ్లు గలిసే పోయిండ్రు, ఆళ్ళ లెక్క గలిసే ఉండనియ్యి." మళ్ళీ చదవడం మొదలైంది. నాకు ఒక పక్క ఉస్తానీ పెదవులు కదులుతున్నాయి, ఇంకో పక్క రాజవ్వ పెదవులు కదులుతున్నాయి. చివర్లో దాదీ చేతులు చాచి దేవుడికి ఇద్దరి గుర్తులూ చెప్పింది. ఒకనిది గళ్ళ అంగి, ఇంకొకనికి ముందటి పన్ను ఇరిగి ఉంటది, ఇద్దరికీ ఆకలికి ఆగే అలవాటు లేదు అని. వాళ్ళొస్తే మలీదా చేసి సందంతా పంచుతానని మొక్కుకుంది.

నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యమం లేచినప్పుడు మా అబ్బాయి ఉద్యోగులతో కలిసి ఊరేగింపుల్లో తిరిగాడు. నేను ఇంట్లో కూర్చుని గంటకోసారి ఫోన్ చేసేదాన్ని. "ఎన్నిసార్లు చేస్తవమ్మీ" అని విసుక్కునేవాడు. టీవీలో ఎక్కడ ఏం జరుగుతోందో కింద గీతలా పోతూనే ఉండేది. వాడు తిన్నాడని తెలిసేది, ఎక్కడున్నాడో తెలిసేది, అయినా నాకు నిమ్మళం ఉండేది కాదు. కబురు తెలిస్తే దిగులు తగ్గుతుందని అనుకుంటాం కానీ, నా అనుభవంలో కబురు ఇంకో కబురును అడుగుతుంది. దాదీకి ఏ కబురూ లేదు. ఉన్నది ఒక జానమాజ్, ఒక కుప్ప చింతగింజలు. అయినా ఆమె పొద్దున లేచి పొయ్యి వెలిగించేది, నా తల దువ్వేది. ఆమె కాలం మంచిదని నేననను. అలాంటి కాలం మళ్ళీ ఎవరికీ రాకూడదు. కానీ ఆమెకున్న ఆ నిబ్బరం నాకు పూర్తిగా రాలేదు. ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఆనాడు కరీమా చదివిన కొన్నాళ్ళకు సారయ్యన్న వచ్చాడు. తలకు కట్టు, ఆ కట్టు కింద ఎండిన నెత్తురు. జైల్లో పెట్టి వదిలేశారట. సందులో వాళ్ళంతా ఆయన్ని చూడలేదు, ఆయన వెనక చూశారు. వెనక ఎవరూ లేరు. "గౌసు నా ఎనుకనే ఉండె" అన్నాడు ఆయన. "లాఠీలు వడ్డంక నేను కింద వడ్డ. లేసి జూస్తె లేడు." రాజవ్వ కొడుకును పట్టుకుని ఏడుస్తూనే, తన ఏడుపు దాదీకి వినపడకూడదని నోరు మూసుకుంది. ఆ ఒక్క సంగతి చాలు ఆమె ఎలాంటి మనిషో చెప్పడానికి.

దాదీ లోపలికి పోయింది. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె గోధుమపిండి కలుపుతోంది. మందంగా రొట్టెలు కాల్చి, వేడి మీదే నలిపి, బెల్లం, నెయ్యి వేసి మలీదా చేసింది. నెయ్యి మా ఇంట్లో లేదు, ఉస్తానీ ఇంటి నుంచి అడిగి తెచ్చాను. మొదటి ముద్ద తీసుకుని గోడ అవతలికి వెళ్ళి సారయ్యన్న నోటి దగ్గర పెట్టింది. రాజవ్వ అడ్డం వచ్చింది. "వద్దత్తా. నీ మనుమడు రాకముందే మేమెట్ల తింటం? గౌసు రానియ్యి, గప్పుడే జేద్దువు."

"మొక్కింది నేను" అంది దాదీ. "ఇద్దర్ని అడిగిన, ఒకడొచ్చిండు. వచ్చినోని కోసం శుక్రియా జెప్పకుండ, రానోని కోసం ఏ మొఖం వెట్టుకొని అడుగుదు? తినురా కొడుకా." సారయ్యన్న తిన్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. దాదీ తన కొంగుతో తుడిచింది. అన్నా, నీకు గుర్తున్నది ఇంత వరకే. దీని తర్వాతిది నీకు తెలియదు, ఎందుకంటే ఆ రాత్రి నుంచే నీకు జ్వరం ముదిరింది. తలలోని గాయం చీము పట్టింది. దవాఖాన డాక్టరు సూదిమందు ఇచ్చి, రెండు మూడు రోజులు గడిస్తే గానీ చెప్పలేనన్నాడు. నువ్వు స్పృహలో లేవు.

ఆ రోజుల్లోనే అబ్బా తిరిగొచ్చాడు. సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. వాకిట్లో స్టాండు వేయడం మర్చిపోయి వదిలేస్తే సైకిల్ కింద పడింది. దాదీకి అప్పుడే అర్థమైపోయిందని నాకిప్పుడు అనిపిస్తుంది. భాయి కాల్పుల్లో పోయాడు. ఎవరూ గుర్తుపట్టని పిల్లవాణ్ణి వరంగల్‌లో ఒక మసీదు వాళ్ళే స్నానం చేయించి, నమాజు చదివి, ఖననం చేశారు. గళ్ళ చొక్కా గుర్తు చెబితే అబ్బాకు సమాధి చూపించారు. దాదీ నేల మీద కూర్చుండిపోయింది. ఆ రోజు మా పొయ్యి వెలగలేదు. రాజవ్వ, అక్కడ కొడుకు జ్వరంతో మూలుగుతుంటే, అన్నం, చారు వండి మోసుకొచ్చి దాదీ చేతికి ముద్ద కలిపిచ్చింది. ఆమె వండింది కనుకనే దాదీ ఒక ముద్ద మింగింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అబ్బా మీద కాదు, పోలీసుల మీద కూడా కాదు. వాళ్ళంటే ఏమిటో నాకు తెలియదు. అల్లా మియా మీద వచ్చింది. ఇంటి పక్కవాళ్ళ అబ్బాయిని పంపి మా భాయిని పంపలేదే అని, మా గింజలు లెక్కకు రాలేదా అని. ఉస్తానీ చెప్పినట్టు లెక్క చెడినందుకేనేమో అని కూడా అనుకున్నాను. చెప్పకూడదు కానీ, ఒక క్షణం రాజవ్వను చూస్తే కూడా కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తుంటేనే ఆనాటి నా మీద నాకే జాలి కలుగుతోంది.

మర్నాడు తెల్లవారుజామున అజాన్ వినిపించింది. నేను దుప్పట్లోంచి చూస్తున్నాను. ఈ రోజు దాదీ లేవదని నాకు గట్టిగా అనిపించింది. లేవొద్దనే నా కోరిక కూడా. ఆమె లేచింది. గోడ పట్టుకుని లేచి, చెంబు నీళ్ళతో చేతులు, మొహం, కాళ్ళు కడిగి వుజూ చేసి, జానమాజ్ పరిచింది. నమాజు ఎప్పటికంటే మెల్లగా చదివింది. అది అయిపోయాక చేతులు చాచింది. ఆమె భాయి కోసం ఏడుస్తుందని, ఎందుకిట్ల చేసినవని అడుగుతుందని ఎదురుచూశాను. చివరికి ఆమె గొంతు వినిపించింది.

"గౌసును తీసుకున్నవు. నీ దగ్గర వాన్ని మంచిగ సూసుకో. సారయ్యకు జరం తగ్గుతలేదు. రాజవ్వకు ఒక్కడే కొడుకు. ఆ పిలగాన్ని ఈడనే ఉంచు."

నేను లేచి కూర్చున్నాను. "ఇంకా ఆయన్నే అడుగుతున్నవా?" అన్నాను. "రహీమ్ అంటివి గద. మరి భాయి సంగతేంది?"

దాదీ చేతులు దించలేదు. మొహం మాత్రం నా వైపు తిప్పింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతులో కోపం లేదు. "నాక్కూడ సమజ్ గాలె బిడ్డా" అంది. "ఆయన దగ్గరికి పోయినంక అడుగుత. కని ఇయ్యాల నేను ఆయన మీద అలిగి కూసుంటే, సారయ్య కోసం ఎవల్ని అడగాలె?"

అవతలి ఇంట్లోంచి రాజవ్వ కొడుకు పేరు పెట్టి పిలవడం, ఆయన పలకకపోవడం వినిపిస్తోంది. నేను వెళ్ళి దాదీ పక్కన జానమాజ్ అంచు మీద కూర్చుని చేతులు చాచాను. భాయి పేరు నోటి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, సారయ్యన్న పేరు చెప్పాను.